ప్రొటీనుకు లెక్క కట్టిన కెల్డాల్

మన గోడపత్రికలో ఇంతవరకు చాలామంది శాస్త్రవేత్తల జీవితాలు వచ్చాయి. సి.వి.రామన్ వచ్చారు, మేరీ క్యూరీ వచ్చింది, మన యల్లాప్రగడ సుబ్బారావు గారు రెండుసార్లు వచ్చారు. ఈసారి నేను రాస్తున్న మనిషి ఫోటో మన ల్యాబు గోడ మీద లేదు. కానీ ప్రపంచంలో పాలు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, పప్పులు పరీక్ష చేసేవాళ్ళు ఆయన పేరు తలవకుండా ఉండరు. ఆయన పేరు యోహాన్ కెల్డాల్. ఇంగ్లీషులో కె పక్కన జె పెట్టి రాస్తారు కాబట్టి కొందరు జెల్డాల్ అని కూడా అంటారు. మా ఇంటరు ఫస్టియర్ కెమిస్ట్రీ పుస్తకంలో ఆయన పద్ధతి అరపేజీ ఉంది. ఆయన జీవితం మాత్రం ఒక్క లైను కూడా లేదు. అందుకే రాస్తున్నాను.

కెల్డాల్ 1849 ఆగస్టు 16న డెన్మార్క్ దేశంలో యేగెర్స్‌ప్రిస్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి డాక్టరు. డెన్మార్క్ యూరప్‌లో ఒక చిన్న దేశం. అక్కడ కొండలు లేవు. పొలాలు, పశువులు, వెన్న, బార్లీ పంట ఇవే వాళ్ళ బతుకు. రోస్కిల్డె పట్నంలో హైస్కూలు చదువు 1867లో ముగించి, రాజధాని కోపెన్‌హాగెన్ వెళ్ళి సాంకేతిక విద్యాలయంలో రసాయనశాస్త్రం చదివాడు. 1873లో పాసయ్యాడు. ఆ తర్వాత వ్యవసాయ, పశువైద్య కళాశాలలో బార్‌ఫోడ్ అనే ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంటుగా చేరాడు. చక్కెరలను గుర్తుపట్టే బార్‌ఫోడ్ పరీక్ష అని ఒకటుంది, ఆ బార్‌ఫోడే ఈయన. మంచి గురువు దొరకటం కూడా ఒక అదృష్టమే.

ఇక్కడి నుంచి కథ ఒక బీరు కంపెనీలోకి పోతుంది. బీరు కంపెనీ సంగతి గోడ మీద రాశానని వార్డెన్ గారు ఏమీ అనుకోకూడదు. విషయం అంతా అక్కడే జరిగింది, నేనేం చేసేది! కోపెన్‌హాగెన్ దగ్గర యాకబ్‌సెన్ అనే ఆయన 1847లో ఒక బీరు ఫ్యాక్టరీ పెట్టాడు. కొడుకు పేరు కార్ల్, ఆ చోటు ఒక గుట్ట. రెండూ కలిపి కార్ల్స్‌బర్గ్ అని పేరు పెట్టాడు. ఈ యాకబ్‌సెన్ మామూలు వ్యాపారి కాదు. సైన్సు అంటే ఆయనకు భక్తి. వంశపారంపర్యంగా వచ్చే చేతివాటంతో కాకుండా, ఎందుకు ఇట్లా జరుగుతుందో తెలుసుకుని పని చేయాలని ఆయన పట్టుదల. 1875లో ఫ్యాక్టరీకి ఒక ప్రయోగశాల కట్టించాడు. దానికి కుర్రవాడైన కెల్డాల్‌ను తీసుకున్నాడు. 1876లో కెల్డాల్ ఆ ల్యాబులో రసాయన విభాగానికి అధిపతి అయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 27 దాటలేదు.

అదే 1876లో యాకబ్‌సెన్ ఇంకో పని చేశాడు. కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ అని పెట్టి, ల్యాబు బాధ్యతను సైన్సు తెలిసినవాళ్ళ చేతికి ఇచ్చాడు. అక్కడ కనిపెట్టిన ఏ సంగతీ దాచిపెట్టకూడదని నియమం రాయించాడు. అంటే తన డబ్బుతో కనిపెట్టింది తనకు పోటీగా ఉన్న ఫ్యాక్టరీ వాడు కూడా చదువుకోవచ్చు! నాకైతే ఈ జీవితచరిత్ర మొత్తంలో బాగా నచ్చిన సంగతి ఇదే. లేకపోతే కెల్డాల్ కనిపెట్టింది ఒక కంపెనీ అలమరలోనే ఉండిపోయేదేమో.

ఇంతకీ కెల్డాల్‌కు వచ్చిన చిక్కు ఏమిటంటే ప్రొటీను. బీరు చేయటానికి బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారు. దాన్ని మాల్ట్ అంటారు. మన మెస్సులో జావ కాచే రాగిమాల్ట్ ఉంది కదా, అది కూడా రాగులు మొలకగట్టి చేసేదే. గింజ మొలకెత్తేటప్పుడు, తర్వాత పులిసేటప్పుడు దాంట్లోని ప్రొటీను మారిపోతూ ఉంటుంది. ఎంత ఉంది, ఎంత మారింది అని రోజూ పదుల కొద్దీ శాంపిళ్ళు చూడాలి. చూసేది ఎట్లా?

ఉప్పును తూచినట్టు ప్రొటీనును తూచలేం. గింజలో పిండి, నూనె, నీరు, ఉప్పులు, ప్రొటీను అన్నీ కలిసిపోయి ఉంటాయి. వేరుచేసి తీయటం ప్రాణాంతకం. అయితే ఒక గుర్తు ఉంది. పిండిపదార్థంలో నైట్రోజన్ ఉండదు. నూనెలో ఉండదు. ప్రొటీనులో ఉంటుంది. నూరు గ్రాముల ప్రొటీనులో సుమారు 16 గ్రాములు నైట్రోజనే. కాబట్టి నైట్రోజన్ ఎంతో తెలిస్తే దాన్ని 6.25తో గుణిస్తే ప్రొటీను వస్తుంది. (నూరును 16తో భాగించి చూడండి, 6.25 వస్తుంది.) ఇది కెల్డాల్‌కు ముందే తెలుసు. నైట్రోజన్‌ను కొలిచే పద్ధతులు కూడా ఉన్నాయి. ఫ్రాన్సు శాస్త్రవేత్త డ్యూమా పద్ధతిలో పదార్థాన్ని రాగి ఆక్సైడుతో కలిపి కాల్చి, వచ్చిన నైట్రోజన్ వాయువును కొలుస్తారు. లెక్క సరిగ్గానే వస్తుంది గానీ ఒక్క శాంపిలుకే బోలెడు టైము, బోలెడు సామాను. ఇంకో పద్ధతిలో సోడాసున్నంతో కలిపి వేడి చేసేవారు. దాంట్లో కొన్ని ప్రొటీన్లకు నైట్రోజన్ పూర్తిగా బయటికి రాదు. ఒకటి కష్టం, ఒకటి నమ్మకం లేనిది.

కెల్డాల్ ఏం చేశాడంటే, పదార్థాన్ని మంటలో కాల్చకుండా యాసిడ్‌లో ఉడకబెట్టాడు. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి బాగా మరిగిస్తే మొదట అంతా బొగ్గులాగా నల్లబడుతుంది. నురగ వస్తుంది, పొగ వస్తుంది. అట్లాగే మరిగిస్తూ పోతే కార్బన్ అంతా వాయువై వెళ్ళిపోయి నలుపు తగ్గుతూ చివరకు ద్రవం తేటబడుతుంది. ప్రొటీనులోని నైట్రోజన్ మాత్రం ఎక్కడికీ పోదు. అమ్మోనియం సల్ఫేటుగా మారి యాసిడ్‌లోనే ఉండిపోతుంది. మిగిలిన కొసరు కూడా పూర్తవటానికి ఆయన చివర్లో పొటాషియం పర్మాంగనేటు పొడి వేసేవాడు. ఇదీ మొదటి మెట్టు.

రెండో మెట్టులో కాస్టిక్ సోడా కలుపుతారు. అప్పుడు అమ్మోనియా ఆవిరిగా పైకి లేస్తుంది. దాన్ని గొట్టం గుండా చల్లబరిచి, ముందే కొలిచి పోసి ఉంచిన యాసిడ్‌లోకి పంపిస్తారు. మూడో మెట్టు మనం ప్రాక్టికల్స్‌లో చేసే టైట్రేషనే. అమ్మోనియా ఎంత యాసిడ్‌ను తినేసిందో బ్యూరెట్టుతో చూస్తారు. దాన్ని బట్టి నైట్రోజన్, నైట్రోజన్‌ను బట్టి ప్రొటీను. అంతే.

దీనికోసం వాడే ఫ్లాస్కుకు ఆయన పేరే ఉంది. కింద గుండ్రంగా బుర్రలాగా, పైన పొడవాటి మెడతో ఉంటుంది. మన ఊళ్ళల్లో అడవికి పోయేటప్పుడు నీళ్ళు పట్టుకెళ్ళే సొరకాయ బుర్రను గుర్తు చేసుకోండి, అచ్చం అదే. యాసిడ్ మరిగి చిమ్మినా ఆ పొడవాటి మెడలోనే తగిలి మళ్ళీ కిందికి జారిపోతుంది. చుక్క బయటపడితే లెక్క తప్పుతుంది కదా. చిన్న తరగతుల తమ్ముళ్ళకు ఒక మాట. ఇది చదివి ఎవరూ ల్యాబులో యాసిడ్ మరిగించే ప్రయత్నం చేయొద్దు. పొగ పీల్చే గొట్టం, కళ్ళద్దాలు లేకుండా పెద్ద శాస్త్రవేత్తలు కూడా చేయరు.

1883 మార్చి 7న కోపెన్‌హాగెన్‌లో రసాయన శాస్త్రవేత్తల సంఘం సమావేశంలో కెల్డాల్ ఈ పద్ధతిని వివరించాడు. అదే సంవత్సరం జర్మన్ పత్రికలో అచ్చయింది. చాలా కొద్దికాలంలోనే దేశదేశాల ల్యాబుల వాళ్ళు పట్టుకున్నారు. ఎందుకంటే ఒకేసారి వరుసగా చాలా ఫ్లాస్కులు పెట్టి మరిగించవచ్చు. ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒకరు చేసినా ఇంకొకరు చేసినా జవాబు ఒకటే వస్తుంది. పెద్దగా మార్చకుండానే కొందరు దీన్ని బాగు చేశారు. 1885లో విల్ఫార్త్ పాదరసం ఆక్సైడు వంటివి కలిపితే పని త్వరగా అవుతుందని చూపాడు. 1889లో గన్నింగ్ పొటాషియం సల్ఫేటు కలిపితే యాసిడ్ ఇంకా ఎక్కువ వేడి దగ్గర మరుగుతుందని చెప్పాడు. 1913లో వింక్లర్ అమ్మోనియాను బోరిక్ యాసిడ్‌లో పట్టాడు. పాదరసం విషం కాబట్టి తర్వాత దాని బదులు కాపర్ సల్ఫేటు, అంటే మైలుతుత్తం, బాగా వాడుకలోకి వచ్చింది.

కెల్డాల్ పని చేసింది బార్లీ మీద. కానీ ఆయన పద్ధతి ఎక్కువగా ఉపయోగపడిన వాటిల్లో పాలు ఒకటి. పాలలో ప్రొటీనుకు 6.25 కాదు, 6.38తో గుణిస్తారు. పాల ప్రొటీనులో నైట్రోజన్ కొంచెం తక్కువగా, 15.7 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి. గోధుమలకైతే 5.7. ఈ అంకె మార్చకుండా అన్నిటికీ ఒకటే వేస్తే లెక్క దొంగలెక్క అవుతుంది.

నేను గొర్రెపాలతో ఒక లెక్క చేసి చూపిస్తాను. గొర్రెపాలే ఎందుకంటే దాంట్లో తమాషా ఉంది. ఐదు గ్రాముల గొర్రెపాలు ఫ్లాస్కులో పోసి పైన చెప్పినట్టు చేశాం అనుకోండి. చివర్లో 0.1 నార్మల్ యాసిడ్ 30.8 మిల్లీలీటర్లు పట్టింది. ఒక మిల్లీలీటరుకు 1.4 మిల్లీగ్రాముల నైట్రోజన్. అంటే మొత్తం 43.1 మిల్లీగ్రాములు. ఐదు గ్రాముల్లో అంత ఉందంటే 0.862 శాతం. 6.38తో గుణిస్తే 5.5 శాతం ప్రొటీను. ఆవుపాలతో చేస్తే యాసిడ్ 18.5 మిల్లీలీటర్లే పడుతుంది, ప్రొటీను 3.3 శాతం వస్తుంది. చూశారా, గొర్రెపాలు ఎంత చిక్కనో! కొవ్వు కూడా 7 శాతం దాకా ఉంటుంది.

2019 పశుగణనలో దేశం మొత్తం మీద గొర్రెలు ఎక్కువ ఉన్న రాష్ట్రం తెలంగాణ, దాని తర్వాత ఆంధ్రప్రదేశ్. అయినా మన దగ్గర గొర్రెల్ని మాంసానికే పెంచుతారు, పాలు పిల్లలకే వదిలేస్తారు. మా తాత అయితే ఆవుపాలు కూడా దూడవే అంటాడు, పితకనివ్వడు. యూరప్‌లో అట్లా కాదు. ఫ్రాన్సులో రోక్‌ఫోర్ అనే ఊరి గుహల్లో మగ్గబెట్టే జున్నులాంటి చీజ్ ఒకటుంది. దాన్ని గొర్రెపాలతో మాత్రమే చేయాలని చట్టమే ఉంది. గ్రీసులో ఫెటా, ఇటలీలో పెకొరీనో కూడా గొర్రెపాల సరుకే. ఒక కిలో చీజ్‌కు ఆవుపాలు పది లీటర్లు కావాలంటే గొర్రెపాలు ఐదారు లీటర్లు చాలు. అయితే గొర్రె ఇచ్చే పాలు తక్కువ. కాబట్టి లీటరు లెక్కన ఆవుపాల రేటు కడితే గొర్రెల కాపరి మునిగిపోతాడు. పాలలో ఉన్న కొవ్వు, ప్రొటీను చూసి ధర కట్టాలి. కాపరి ఒక మాట, చీజ్ కంపెనీ ఒక మాట చెప్పినప్పుడు తీర్పు చెప్పేది ఆ సొరకాయ బుర్ర ఫ్లాస్కే.

ఇప్పుడు పెద్ద డెయిరీల్లో రోజూ కెల్డాల్ పద్ధతి చేయరు. పరారుణ కిరణాలు పంపించే యంత్రాలు వచ్చాయి. కొద్దిగా పాలు పోస్తే నిమిషంలో కొవ్వు, ప్రొటీను అన్నీ తెరమీద చూపిస్తాయి. రంగును పట్టుకునే గుణాన్ని బట్టి ప్రొటీను కొలిచే పద్ధతులు కూడా ఉన్నాయి. మరి కెల్డాల్ పని అయిపోయినట్టేనా అంటే కాదు. ఆ యంత్రానికి ఏది ఎంతో ముందు ఎవరో నేర్పాలి. ఆవుపాలతో సరిచేసిన యంత్రంలో గొర్రెపాలు పోస్తే తప్పు అంకె చూపే ప్రమాదం ఉంది, ఎందుకంటే గొర్రెపాల చిక్కదనమే వేరు. అందుకని కొన్ని గొర్రెపాల శాంపిళ్ళను కెల్డాల్ పద్ధతిలో కొలిచి, ఆ అంకెలతో యంత్రాన్ని సరిచేస్తారు. కిరాణా షాపు తక్కెడకు ముద్ర వేసిన రాయి ఎట్లాగో యంత్రానికి కెల్డాల్ అట్లాగ. పాలకు అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్న ఐ.ఎస్.ఓ. 8968 మొదటి భాగం కెల్డాల్ పద్ధతే. దాంట్లో ఆవు, మేక, గొర్రె మూడింటి పాలూ ఉన్నాయి. మన దేశంలో కూడా ఆహారపదార్థాల పట్టికల్లో ప్రొటీను అంకె నైట్రోజన్ లెక్క మీద వచ్చిందే. కందిపప్పు నూరు గ్రాములకు 22 గ్రాముల ప్రొటీను అని మనం బట్టీ పడతాం కదా, దాని వెనక ఉన్నదీ ఈ గుణకారమే.

ఇక ఈ పద్ధతికి ఉన్న లోపం కూడా చెప్పాలి. పొగడటం ఒక్కటే జీవితచరిత్ర కాదు. ఇది కొలిచేది ప్రొటీనును కాదు, నైట్రోజన్‌ను. ఆ నైట్రోజన్ ప్రొటీనులోంచి వచ్చిందా, ఇంకో దాంట్లోంచి వచ్చిందా అనేది ఫ్లాస్కుకు తెలియదు. పొలంలో చల్లే యూరియా బస్తా మీద 46 శాతం నైట్రోజన్ అని రాసి ఉంటుంది చూడండి. ఒక గ్రాము యూరియాను ఈ ఫ్లాస్కులో వేస్తే దాదాపు మూడు గ్రాముల పాల ప్రొటీను ఉన్నట్టు లెక్క వస్తుంది. మెలమిన్ అనే ఇంకో పదార్థం ఉంది. ప్లాస్టిక్ పళ్ళేలు, బల్లల పై రేకులు చేయటానికి వాడతారు. దాంట్లో నైట్రోజన్ 66 శాతం పైనే. ఒక గ్రాము వేస్తే నాలుగు గ్రాములకు పైగా ప్రొటీను కనపడుతుంది.

2008లో చైనాలో అదే జరిగింది. పాలలో నీళ్ళు కలిపారు. నీళ్ళు కలిపితే ప్రొటీను అంకె పడిపోతుంది కాబట్టి మెలమిన్ కలిపారు. అంకె బాగానే వచ్చింది. ఆ పాలతో చేసిన డబ్బాపాల పొడి పసిపిల్లలు తాగారు. మూత్రపిండాల్లో రాళ్ళు పడ్డాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆరుగురు పిల్లలు చనిపోయారు, సుమారు మూడు లక్షల మంది జబ్బుపడ్డారు. ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు బాగాలేదు. తప్పు కెల్డాల్‌దా అంటే నేను ఒప్పుకోను. బార్లీ గింజల్లో ప్లాస్టిక్ మందు కలుపుతారని 1883లో ఆయన ఎందుకు ఊహిస్తాడు? కానీ ఒక్క అంకెను చూసి సరుకు మంచిదని ముద్ర వేసేవాళ్ళకు, ఆ అంకె దేన్ని కొలుస్తుందో తెలిసి ఉండాలి. తెలిసినవాళ్ళే మోసం చేశారు, తెలుసుకోనివాళ్ళు ముద్ర వేశారు.

దీనికి మందు కూడా కెల్డాల్ పద్ధతిలోనే ఉంది. పాలలో ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ కలిపితే ప్రొటీను అంతా విరిగి అడుక్కి చేరుతుంది. వడకట్టి, కిందికి దిగిన నీళ్ళలో నైట్రోజన్ కొలుస్తారు. అది ప్రొటీను కాని నైట్రోజన్. మంచి పాలలో కూడా సహజంగా ఇది కొంత ఉంటుంది, మొత్తంలో ఇరవయ్యో వంతు దగ్గర. మొత్తంలోంచి దీన్ని తీసేస్తే అసలు ప్రొటీను. ఈ రెండో ఫ్లాస్కు పెడితే యూరియా అయినా మెలమిన్ అయినా దొరికిపోతుంది. ఒక ఫ్లాస్కు ఖర్చు మిగుల్చుకుందామని మానేస్తేనే ముప్పు.

కెల్డాల్ చివరిదాకా ఆ ల్యాబులోనే పని చేశాడు. ఎక్కువ పుస్తకాలు, వ్యాసాలు రాసినవాడు కాదు. మొలకెత్తిన గింజలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైముల మీద కూడా మంచి పని చేశాడు. ఆయన పక్క విభాగంలోనే హాన్సెన్ అనే ఆయన అదే 1883లో ఒకే ఒక్క ఈస్టు కణం నుంచి స్వచ్ఛమైన ఈస్టును పెంచాడు. యాకబ్‌సెన్ దాన్ని కూడా దాచుకోకుండా వేరే ఫ్యాక్టరీలకు ఇచ్చాడు. 1890లో కెల్డాల్‌ను డెన్మార్క్ రాయల్ అకాడమీ సభ్యుడిగా ఎన్నుకున్నారు. 1900 జూలై 18న టిస్‌విల్డె అనే ఊరి దగ్గర సముద్రంలో స్నానం చేస్తుండగా ప్రాణం పోయింది. ఇంకో నెల ఉంటే 51 ఏళ్ళు నిండేవి.

ఆయన ఖాళీ చేసిన కుర్చీలో సోరెన్‌సన్ అనే శాస్త్రవేత్త వచ్చి కూర్చున్నాడు. పదో తరగతి వాళ్ళకు ఈ పేరు తెలుసు. యాసిడ్‌లు, క్షారాల పాఠంలో వచ్చే పి.హెచ్. స్కేలు ఆయన 1909లో అదే ల్యాబులో తయారు చేసిందే. గొర్రెపాలలో ప్రొటీను మొత్తం ఒకటే రకం కాదు, ఐదింట నాలుగు వంతులు కేసిన్. చీజ్ అయ్యేది అదే. దాన్ని విడిగా కొలవాలంటే పాల పి.హెచ్. 4.6కు తెస్తారు. కేసిన్ విరిగి విడిపోతుంది, మిగతా ప్రొటీన్లు తేటలో ఉండిపోతాయి. అప్పుడు ఆ తేటను వడకట్టి, సొరకాయ బుర్ర ఫ్లాస్కులో పోసి, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి పొయ్యి మీద పెడతారు.

— ఇంటర్ మొదటి సంవత్సరం, బై.పి.సి.